స్టూడియో నడుస్తుండగానే ఐడీఎఫ్‌ఎక్స్: నా ప్రిపరేషన్ అనుభవాలు

ఇంటీరియర్ ఆర్కిటెక్చర్‌లో మాస్టర్స్ చేస్తూ ఇంటీరియర్ డిజైనర్ల అర్హత పరీక్ష ఎన్‌సీఐడీక్యూలో మొదటి పేపర్ (ఐడీఎఫ్‌ఎక్స్) రాద్దామనుకునే జూనియర్లు అందరూ అడిగేది ఒకటే: "స్టూడియో ఉండగా చదవడానికి టైమెక్కడిది?" నిజమే, ఉండదు. ఉంటుందని చెప్పేవాళ్లని నమ్మకండి. కాకపోతే ఈ పరీక్ష కోసం విడిగా కూర్చుని చదవాల్సింది మీరు భయపడుతున్నంత లేదు. స్టూడియో క్లాసులో ప్రాజెక్టు కోసం మీరు గీస్తున్న ప్లానే దాదాపు సగం సిలబస్. ఆ ప్లాన్‌ని పక్కనపెట్టి ఫ్లాష్‌కార్డులు ముందేసుకుంటే అటు ప్రాజెక్టూ నడవదు, ఇటు అంకెలూ గుర్తుండవు.

పరీక్ష సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. ఎన్‌సీఐడీక్యూలో ఐడీఎఫ్‌ఎక్స్ అనేది ఫండమెంటల్స్ పేపర్. చదువు చివరి ఏడాదిలో ఉండగానే రాయొచ్చు. 125 మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, 3 గంటలు. వాటిలో 25 ప్రశ్నలకి మార్కులుండవు, తర్వాతి పరీక్షల కోసం పరీక్షించి చూస్తుంటారు. అవి ఏవో మనకి చెప్పరు. స్కోరు 200 నుంచి 800 మధ్య ఇస్తారు, 500 వస్తే పాస్. ఆ తర్వాతి మెట్లకి పని అనుభవం కావాలి కాబట్టి స్టూడెంట్‌గా మన చేతిలో ఉన్నది ఈ ఒక్కటే.

ఇక రోజు ఎలా గడుస్తుందో చెప్తాను, ఎందుకంటే ప్రిపరేషన్ దాన్ని బట్టే ఉంటుంది. పొద్దున సెమినార్, లేదా టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పని. మధ్యాహ్నం నుంచి స్టూడియో. డెస్క్ క్రిట్‌లో (మన డెస్క్ దగ్గరే జరిగే సమీక్షలో) ప్రొఫెసర్ మన ప్లాన్ మీద ట్రేసింగ్ పేపర్ పరిచి, మనం వారమంతా ఆలోచించి పెట్టిన గోడని ఒక్క గీతతో పక్కకి జరుపుతారు. సాయంత్రం మోడల్ షాప్‌లో లేజర్ కట్టర్ కోసం క్యూ. రాత్రి రెవిట్ సాఫ్ట్‌వేర్‌లో డ్రాయింగులు. రెండు గంటలు ఏకధాటిగా పుస్తకం పట్టుకునే వీలు వారం మధ్యలో దొరకదు. దొరికేవన్నీ చిన్న చిన్న ముక్కలు: కంప్యూటర్‌లో బొమ్మ రెండర్ అవుతుండగా పావుగంట, ప్లాటర్ (డ్రాయింగుల ప్రింటర్) దగ్గర పది నిమిషాలు, క్రిట్‌లో మన వంతు వచ్చేదాకా కొంతసేపు.

ఏ ముక్కలో ఏం చదవాలో ముందే అనుకుని ఉంచుకోండి. క్యూలో నిలబడి లెక్కలు చెయ్యలేం. అక్కడ మెటీరియల్ టెస్టుల పేర్లు, డ్రాయింగ్ సింబల్స్ లాంటివి చూసుకోవచ్చు. బిల్డింగ్ కోడ్ లెక్కలకి మాత్రం ఆదివారం పొద్దున ఫోన్ వేరే గదిలో పెట్టి కూర్చునేదాన్ని. పిన్-అప్ (డ్రాయింగులు గోడకి పెట్టి చూపించే సమీక్ష) ఉన్న వారం పరీక్ష ఊసే ఎత్తలేదు. అది బద్ధకం కాదు, ముందే వేసుకున్న లెక్క. నిద్ర లేకుండా చదివినవి ఎలాగూ నిలవవు, పైగా చదవలేదన్న గిల్టీ ఫీలింగ్ ఒకటి మీదపడుతుంది. క్యాలెండర్‌లో పిన్-అప్‌లు, మిడ్ రివ్యూ, ఫైనల్ జ్యూరీ ముందే కొట్టేసి, మిగిలిన వారాల్నే ప్రిపరేషన్ కింద లెక్కేసుకోండి. అలా చూస్తే సెమిస్టర్ ఎంత చిన్నదో తెలుస్తుంది. ఆ టెన్షన్ ఏదో మొదట్లోనే పడటం మంచిది.

ఇప్పుడు అసలు విషయం. లైఫ్ సేఫ్టీ (ప్రమాదంలో జనం క్షేమంగా బయటపడే ఏర్పాట్లు), యూనివర్సల్ డిజైన్ (అందరూ వాడుకోగలిగే డిజైన్) అంటే చాలామందికి భయం. అంకెలు ఎక్కువ, ఒకదానికొకటి పొంతన లేనట్టుంటాయి. నేను వాటిని నా స్టూడియో ప్రాజెక్టులోకి దింపాను. అందులో 30 అడుగులకి 40 అడుగుల హాలు ఒకటి ఉంది. టేబుళ్లు, కుర్చీలు వేస్తే ఇంటర్నేషనల్ బిల్డింగ్ కోడ్ ప్రకారం మనిషికి 15 నెట్ చదరపు అడుగులు (నెట్ అంటే నిజంగా వాడే జాగా మాత్రమే). 1200ని 15తో భాగిస్తే 80 మంది. 49 దాటింది కాబట్టి రెండు ఎగ్జిట్ దారులు కావాలి. తలుపులు బయటికి వెళ్లే దిశలో తెరుచుకోవాలి, లాక్ పెడితే పానిక్ బార్ (నెడితే తలుపు తెరుచుకునే అడ్డకడ్డీ) ఉండాలి. రెండు తలుపులూ పక్కపక్కనే పెడితే కుదరదు: గది మూల నుంచి మూలకి ఉన్న దూరంలో కనీసం సగం ఎడం ఉండాలి, భవనమంతా స్ప్రింక్లర్లు ఉంటే మూడో వంతు చాలు. 30, 40 భుజాలకి కర్ణం 50. అంటే స్ప్రింక్లర్లు లేకపోతే 25 అడుగులు, ఉంటే 16 అడుగుల 8 అంగుళాలు.

ఇంతవరకూ ఏ గైడ్‌లోనైనా ఉంటుంది. అసలు కథ టేబుళ్లు తీసేస్తే మొదలవుతుంది. అదే హాల్లో విడి కుర్చీలు మాత్రమే వరసగా వేస్తే మనిషికి 7 నెట్ చదరపు అడుగులే లెక్క. 1200ని 7తో భాగిస్తే 171 మంది. ఒక్క గోడ కదల్లేదు, ఒక్క తలుపు మారలేదు, ఫర్నిచర్ మారింది, జనం రెట్టింపు దాటారు. తలుపుల వెడల్పుకి మనిషికి 0.2 అంగుళాల చొప్పున వేస్తే మొత్తం 34.2 అంగుళాలు. రెండు తలుపులకి పంచితే ఒక్కోదానికి 17 చిల్లర. కానీ 17 అంగుళాల తలుపు పెట్టలేం, ఎందుకంటే క్లియర్‌గా కనీసం 32 అంగుళాలు ఉండి తీరాలి. ఇలా ఒక హాలు చుట్టూ తిరిగేసరికి అక్యుపెంట్ లోడ్ (గదిలో ఎంతమంది అన్న లెక్క), ఎగ్జిట్ల సంఖ్య, ఎడం, వెడల్పు, తలుపు దిశ అన్నీ ఒకే తీగకి వచ్చాయి. పరీక్షలోనూ ప్రశ్నలు ఈ తీరులోనే ఆలోచింపజేస్తాయి. మీ హాలు కొలతలు వేరే ఉంటాయి, అవే వేసుకోండి.

ఒక జాగ్రత్త. సీనియర్ల దగ్గర నుంచి వచ్చే పాత ఫ్లాష్‌కార్డుల్లో ఆఫీసులకి మనిషికి 100 గ్రాస్ చదరపు అడుగులు (గోడలు, కారిడార్లతో సహా) అని ఉంటుంది. కోడ్ 2018 ఎడిషన్ నుంచి అది 150 అయింది. కార్డులు ఉచితంగా వస్తే తీసుకోండి, కానీ పరీక్ష ఏ ఎడిషన్ ప్రకారం అడుగుతుందో అధికారిక హ్యాండ్‌బుక్‌లో చూసుకున్నాకే నమ్మండి.

యాక్సెసిబిలిటీ (వికలాంగులూ వాడుకోగలిగేలా చేయడం) అంకెలకి ఇంకో పద్ధతి పనిచేసింది. స్టూడియోలో అందరూ వెళ్లాక నేల మీద మాస్కింగ్ టేప్‌తో 60 అంగుళాల వ్యాసంతో వృత్తం వేశాం, నేనూ నా క్లాస్‌మేటూ. అది వీల్‌చైర్ తిరగడానికి కావాల్సిన జాగా. దాని పక్కనే 30కి 48 అంగుళాల దీర్ఘచతురస్రం, వీల్‌చైర్ నిలవడానికి. గోడ మీద 48 అంగుళాల దగ్గర ఒక టేపు ముక్క, 15 దగ్గర ఇంకోటి: ముందుకి చెయ్యి చాచి అందుకోగల ఎత్తులు. మర్నాడు ఎవరో ఆ వృత్తంలో చక్రాల కుర్చీ వేసుకుని గిరగిరా తిరుగుతుంటే అందరూ నవ్వారు, కానీ ఆ సెమిస్టర్ మా బ్యాచ్‌లో ఎవరూ ఇరుకు టాయిలెట్ గీయలేదు. 27 అంగుళాల సంగతి కూడా అక్కడే అర్థమైంది. గోడకి తగిలించిన వస్తువు అడుగు భాగం నేల నుంచి 27 అంగుళాలు దాటి, 80 లోపు ఉంటే 4 అంగుళాలకి మించి ముందుకి రాకూడదు. కారణం చేతికర్ర. 27 లోపు ఉన్నదాన్ని చూపు లేనివారి కర్ర పట్టేస్తుంది, అంతకంటే పైనున్నది కర్రకి తగలదు, మనిషికే తగులుతుంది. కారణం తెలిసిన అంకెని బట్టీ పట్టక్కర్లేదు. ర్యాంపు వాలు 1:12, ఒక్క విడతలో ఎత్తు 30 అంగుళాలకి మించకూడదు అన్నదీ అంతే. ఒకసారి గీసి చూడండి, 30 అడుగుల ర్యాంపు మీ లాబీని ఎలా మింగేస్తుందో!

కోడ్ చదవడం విసుగు అనేవాళ్లకి ఒక మాట. 1942 నవంబర్ 28న బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ముఖద్వారం రివాల్వింగ్ డోర్, జనం తోపులాటలో ఇరుక్కుపోయింది. కొన్ని తలుపులు లోపలికి తెరుచుకునేవి. అలంకరణకి వాడిన సామాను మంటని ఇట్టే అందుకుంది. 2003లో రోడ్ ఐలండ్‌లో ది స్టేషన్ అనే క్లబ్‌లో గోడలకి అంటించిన ఫోమ్‌కి బాణసంచా నిప్పు తగిలి 100 మంది పోయారు. తలుపు ఎటు తెరుచుకోవాలి, గోడకి ఏం అంటించాలి అన్నవి మన డ్రాయింగుల్లో మనం రోజూ తీసుకునే నిర్ణయాలే. ఇవి చదివాక ఆ చాప్టర్ నాకు మళ్లీ విసుగనిపించలేదు.

మెటీరియల్స్‌కి పుస్తకం కంటే మెటీరియల్ లైబ్రరీ మేలు. ప్రాజెక్ట్ బోర్డు కోసం శాంపిల్స్ ఏరుకోవడానికి ఎలాగూ వెళ్తాం. రంగు చూసి పెట్టెలో వేసుకునే ముందు వెనక్కి తిప్పి లేబుల్ చదవండి. గోడ ఫినిష్ అయితే ఏఎస్‌టీఎం ఈ84 అనే మంట పరీక్ష ఫలితం ఉంటుంది: ఫ్లేమ్ స్ప్రెడ్ (మంట పాకే సూచిక) 0 నుంచి 25 అయితే క్లాస్ ఏ, 26 నుంచి 75 బి, 76 నుంచి 200 సి. మూడింటికీ పొగ సూచిక 450 దాటకూడదు. నేలకి పరీక్షే వేరు, రేడియంట్ ప్యానెల్ టెస్ట్. అక్కడ క్లాసులు రోమన్ అంకెల్లో ఉంటాయి, పైగా పరీక్షలో కొలిచిన విలువ (క్రిటికల్ రేడియంట్ ఫ్లక్స్) ఎక్కువైతే మంచిది. ఈ తిరకాసులోనే చాలామంది బోల్తా పడతారు. కర్టెన్లకి ఎన్‌ఎఫ్‌పీఏ 701 అనే మంట పరీక్ష. సోఫా గుడ్డకి వైజెన్‌బీక్ డబుల్ రబ్స్ (అరుగుదల పరీక్షలో గుడ్డని రుద్దే లెక్క). ఒక సెమిస్టర్ లేబుళ్లు చదివితే ఈ టాపిక్ అయిపోయినట్టే.

డ్రాయింగుల గురించి పెద్దగా చెప్పేదేం లేదు, రోజూ చేసే పనే. రిఫ్లెక్టెడ్ సీలింగ్ ప్లాన్ (పైకప్పు డ్రాయింగ్) నేల మీద అద్దం పరిచి చూసినట్టు గీస్తారన్నది, ఏ సమాచారం ప్లాన్‌లో ఉంటుంది, ఏది షెడ్యూల్‌లో (తలుపులు, ఫినిష్‌ల లాంటి వాటి పట్టికలో), ఏది స్పెసిఫికేషన్‌లో (రాతపూర్వక వివరాల్లో) అన్నది స్పష్టంగా ఉంటే చాలు. మనిషి ప్రవర్తన భాగం చిన్నదే కానీ తేలిగ్గా మార్కులొస్తాయి. మానవశాస్త్రవేత్త ఎడ్వర్డ్ హాల్ చెప్పిన, మనుషుల మధ్య ఉండే దూరాలు (18 అంగుళాల లోపు, 4 అడుగులదాకా, 12 అడుగులదాకా, ఆపైన), మానసిక వైద్యుడు హంఫ్రీ ఆస్మండ్ చెప్పిన సోషియోపెటల్, సోషియోఫ్యూగల్ సీటింగ్ అమరికలు చూసుకోండి. మొదటిది మనుషుల్ని ఎదురెదురుగా కూర్చోబెడుతుంది, రెండోది వెయిటింగ్ హాల్ వరసల్లా ఎవరి దారి వాళ్లు చూసుకునేలా చేస్తుంది.

గ్రూప్ స్టడీ మీద నా అభిప్రాయం కొందరికి నచ్చకపోవచ్చు. ఇద్దరు చాలు. నలుగురైతే స్టూడియో కబుర్లే నడుస్తాయి, ప్రొఫెసర్ల మీద చాడీలతో సహా. మేమిద్దరం ఒకరి ప్లాన్ ఒకరం తీసుకుని ప్లాన్ చెకర్లలా తప్పులు పట్టేవాళ్లం. మాక్ టెస్టులు టైమ్ పెట్టుకుని రాయండి. ప్రశ్నకి సగటున 86 సెకన్లు వస్తాయి. చదవడం నెమ్మదైనవాళ్లకి ఇబ్బంది పెట్టేది లెక్కలు కాదు, ప్రశ్నలోని "మొదట ఏం చేయాలి", "అన్నిటికంటే ముఖ్యమైనది ఏది" లాంటి మాటలు. నాలుగు ఆప్షన్లూ సరైన పనులే అయి ఉంటాయి, ప్రశ్నలో అడుగుతున్నది వరస అని గమనించాలి. క్లయింట్ అవసరాలు తెలుసుకోకుండానే స్కెచ్ మొదలెట్టే ఆప్షన్ మనల్ని బాగా ఊరిస్తుంది, స్టూడియో అలవాటు అలాంటిది మరి.

పరీక్ష రోజు మొదటి రౌండ్‌లో తెలిసినవి పెట్టుకుంటూ పోయి, అనుమానమున్నవి మార్క్ చేసి రెండో రౌండ్‌లో చూశాను. ఎక్కడా విననిది ఒకటి ఎదురైతే అది మార్కుల్లేని ఆ 25 ప్రశ్నల్లో ఒకటై ఉంటుందని అనుకుని ఏదో ఒకటి పెట్టి ముందుకెళ్లాను. నిజంగా అయ్యుంటుందో లేదో ఎవరికి తెలుసు, గుండె దడ మాత్రం తగ్గింది.

ఏ సీజన్‌లో రాయాలి అని అడిగితే నా ఓటు శరత్కాలానికే. వసంతంలో థీసిస్ జ్యూరీ, పోర్ట్‌ఫోలియో, ఉద్యోగం వేట మూడూ ఒకేసారి మీదపడతాయి. వేసవి ఖాళీగా ఉంటుంది కాబట్టి కోడ్ భాగం అప్పుడే ముగించి, సెమిస్టర్ మొదలయ్యాక ప్రాజెక్ట్ ప్లాన్ మీద రివిజన్ చేసుకోవచ్చు. అప్లికేషన్‌కి యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్ట్ వెళ్లాలి, రిజిస్ట్రార్ ఆఫీసులో ఆ పనికి వాళ్ల తీరికని బట్టే టైమ్ పడుతుంది. చదవడం మొదలెట్టకపోయినా సరే, ఆ రిక్వెస్ట్ మాత్రం ఈ వారమే పెట్టేయండి.