పచ్చిక కింద మఠం, చుట్టూ కందకం

ఇంగ్లండ్‌లోని ఈస్ట్ ససెక్స్‌లో 1229లో వెలిసిన మైకెల్‌హామ్ క్రైస్తవ మఠాన్ని 1537లో మూసేశారు. చర్చి నేలమట్టమైంది, నీటి కందకం, ద్వారగోపురం, కొంత కట్టడం మిగిలాయి.

ఇలాంటి చోట్ల కనిపించని గోడల కోసం ఎండలు ముదిరాక చూడాలి. రాతి పునాది మీద గడ్డి ముందే ఎండుతుంది, పూడిన కాలువ మీద పచ్చగానే ఉంటుంది. చిక్కల్లా రాళ్లు పెరుక్కుపోయిన చోటే: అక్కడ మెత్తటి మట్టి నిండితే గోడ జాడ కూడా కాలువలాగే కనిపిస్తుంది. అందుకే నేల విద్యుత్ నిరోధం కూడా కొలవాలి. 20 మీటర్ల గళ్లు, మీటరుకో కొలత, కరెంటు పంపడానికి నేలలో గుచ్చే కడ్డీల మధ్య అర మీటరు. రాయికి నిరోధం ఎక్కువ, తడి ఒండ్రుకు తక్కువ. పెద్ద వాన పడ్డ మర్నాడు కొలిస్తే ఆ తేడా మసకబారుతుంది.

కందకం అడుగు బురదలో గాలి ఆడదు కనుక తోలు, చెక్క, గింజలు నిలుస్తాయి. అసలు నిధి అదే. పైకి తీశాక చెక్కను తడిగానే ఉంచాలి. ఆరితే ముడుచుకుని పగులుతుంది.