ఐఎస్‌డీఎన్‌లాగ్ ధరల ఫైల్: అసలు లెక్క పల్స్ దగ్గరే

1998 జనవరి 1న జర్మనీ టెలిఫోన్ రంగం పూర్తిగా పోటీకి తెరుచుకున్నాక, నంబరుకు ముందు 010తో మొదలయ్యే కోడ్ ఒకటి నొక్కి, ప్రతి కాల్‌కూ వేరే సంస్థను ఎంచుకునే వీలు కలిగింది. ఏ వేళలో ఏ ప్రాంతానికి ఎవరి ద్వారా మాట్లాడితే చౌకో గుర్తుపెట్టుకోవడం మనిషి వల్ల అయ్యే పని కాదు గనుక, లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఐఎస్‌డీఎన్ (డిజిటల్ టెలిఫోన్ లైను) కాల్‌లను నమోదు చేసి ఖర్చు లెక్కగట్టే ఐఎస్‌డీఎన్‌లాగ్ అనే ప్రోగ్రామ్ ఆ భారాన్ని ఒక మామూలు టెక్స్ట్ ఫైల్‌కు అప్పగించింది.

ఆ ఫైల్‌లో ‘పి’ అక్షరంతో మొదలయ్యే వరుస సంస్థను, ‘జెడ్’ వరుస జోన్‌ను (ఒకే ధర వర్తించే ప్రాంతాల గుంపును), ‘ఏ’ వరుస ఆ జోన్‌లోకి వచ్చే ప్రాంతాలను, ‘టి’ వరుస వేళలనూ ధరనూ తెలుపుతాయి. పనిదినాలకు ‘డబ్ల్యూ’, వారాంతానికి ‘ఈ’, సెలవులకు ‘హెచ్’ అని రాస్తారు. సెలవుల జాబితా మాత్రం వేరే ఫైల్‌లో ఉంటుంది.

అందరి చూపూ నిమిషం ధర మీదే ఉంటుంది గానీ, నా దృష్టిలో ‘టి’ వరుస చివర వచ్చే పల్స్ నిడివే, అంటే ఎన్ని సెకన్లకొకసారి ఛార్జీ లెక్కిస్తారో అదే, అన్నింటికంటే ముఖ్యం. 60/1 అంటే మొదటి నిమిషానికి పూర్తిగా, ఆ తరువాత సెకనుకు సెకను చొప్పున వసూలు చేస్తారని అర్థం. ఒక్క 60 మాత్రమే రాస్తే ప్రతి నిమిషమూ పూర్తి నిమిషంగానే లెక్కకు వస్తుంది. ఉదాహరణకు 61 సెకన్ల కాల్‌కు, నిమిషానికి 4 ఫెనిగ్‌లు (ఫెనిగ్ అంటే నాటి జర్మనీ మార్కులో నూరో వంతు) తీసుకుంటూ నిమిషాల పల్స్ పాటించే సంస్థ 8 ఫెనిగ్‌లు తీసుకుంటుంది. నిమిషానికి 5 ఫెనిగ్‌లు తీసుకున్నా 60/1 పాటించే సంస్థకు 5.08 చాలు. చౌకగా కనిపించిన సంస్థే ఇక్కడ ఖరీదైనదవుతుంది. సంస్థలను ధర వారీగా పోల్చి చూపే ఐఎస్‌డీఎన్‌రేట్ అనే తోడు ప్రోగ్రామ్‌కు కాల్ నిడివిని కూడా చెప్పి అడగాలనడం ఇందుకే.

డయలప్ (ఫోన్ లైను మీద ఇంటర్నెట్) కోసం వాడిన కేపీపీపీ అనే ప్రోగ్రామ్‌లోనూ ఇలాంటి నియమాల ఫైల్ ఉండేది. అందులో తరువాత రాసిన నియమం ముందున్నదాన్ని తోసిపుచ్చుతుంది కాబట్టి, సాధారణ ధరను పైన, రాత్రి ధరనూ సెలవుల ధరనూ కింద రాయాలి.

ఇప్పుడు ఆస్టరిస్క్ అనే ఫోన్ ఎక్స్ఛేంజ్ సాఫ్ట్‌వేర్‌తో ఇదే లెక్క కట్టేవారు, కాల్ రికార్డులోని ‘డ్యూరేషన్’ను కాక ‘బిల్‌సెక్’ను ధరతో గుణించాలి; మొదటిదానిలో అవతలివారు ఎత్తేదాకా మోగిన సమయం కూడా కలిసి ఉంటుంది.