పాత గీతలు

ఆదివారం, రాత్రి 10:30

నడుము పట్టేసింది. మోకాళ్లకు కట్టుకున్న మెత్తలు తీసేసి గంటయినా ఇంకా అక్కడే ఉన్నట్టుంది. అయినా ఇప్పుడే రాసుకోవాలి, రేపటికి సగం మర్చిపోతాను. వంటింట్లో వినైల్ టైల్స్, అంటే ప్లాస్టిక్ పలకలు, వేయడం అయిపోయింది. మొత్తం 80 పలకలు, అమ్మా నేనూ కలిసి వేశాం.

పాత సిరామిక్ నేల పగలగొట్టొద్దని అమ్మ మొదటినుంచీ అంటూనే ఉంది. "పగలగొడితే ఇల్లంతా దుమ్ము, ఎన్నాళ్లు వంటిల్లు లేకుండా ఉండాలో తెలీదు. దాని మీదే పరిచేదేదైనా చూడవే" అంది. అమ్మ బాధంతా టైల్స్ మధ్య సందులతోనే. ఎంత రుద్దినా నల్లగానే ఉంటాయి. పైగా చలి రోజుల్లో పొద్దున్నే ఆ నేల మీద కాలు పెడితే జివ్వుమంటుంది. వినైల్ అంత చల్లగా తగలదు. పలకకు పలక ఆనించి వేస్తే మురికి చేరడానికి సందూ ఉండదు.

ఏ రకం కొనాలో తేల్చింది మా తలుపు. ఒకదానిలో ఒకటి బిగించుకునే రకం 5 మిల్లీమీటర్ల మందం ఉంది. తలుపు కింద ఖాళీ కొలిస్తే 4 వచ్చింది. తలుపు అడుగు కోయించే ఓపిక లేక, వెనక కాగితం ఒలిచి అంటించే 2 మిల్లీమీటర్ల రకం తెచ్చాం. అయితే పలచటి రకంతో ఒక పేచీ ఉంది. కింద ఏముంటే అది పైకి కనిపిస్తుంది. వేసిన రోజు బాగానే ఉంటుంది. నెలల తరబడి నడిచేసరికి పలక మెల్లగా సందుల్లోకి దిగుతుంది, పాత నేల గీతలు ఒక్కొక్కటే పైకి తేలతాయి. అలా తేలిన నేల ఒకటి నేను చూశాను. కొత్త రంగు కింద పాత గళ్లన్నీ లెక్కపెట్టేలా ఉన్నాయి. అందుకే పలకలు అంటించడానికి ఒక్క రోజు, కింది నేల సిద్ధం చేయడానికి వారం పట్టినా నాకు విసుగనిపించలేదు.

పోయిన ఆదివారం ఒక ప్లాస్టిక్ షీటు ముక్కను నేల మీద పరిచి, నాలుగు అంచులా టేపు వేసి ఒక రోజంతా వదిలేశాను. అడుగున నీటి చుక్కలు కనిపిస్తే కిందనుంచి చెమ్మ వస్తున్నట్టు. వినైల్ చెమ్మను బయటికి పోనివ్వదు, జిగురు వదిలేస్తుంది. మా నేల పొడిగానే ఉంది. తర్వాత కర్ర పిడితో ఒక్కో పాత టైల్ తట్టి చూస్తూ పోయాను. సింకు ముందు ఒకటి బోలుగా మోగింది. దాన్ని లేపి, అడుగున గీకి, మళ్లీ గట్టిగా అతికించాం. కదిలే టైల్ మీద ఏం వేసినా అది కూడా కదులుతుంది.

పొయ్యి ముందు భాగం కడగడానికే ఒక పూట పట్టింది. కంటికి కనిపించని జిడ్డు పొర ఉంటుంది అక్కడ. జిడ్డు వదిలే మందుతో రుద్ది, మంచినీళ్లతో రెండుసార్లు తుడిచాను. సబ్బు నురగ మిగిలినా జిగురు పట్టదు. ఆరాక టైల్స్ నిగనిగ పోయేదాకా గరుకు కాగితం పెట్టాను. ఇక్కడ ఒక మాట. మాది సిరామిక్ కాబట్టి రుద్దాను. 1980కి ముందు వేసిన పాత వినైల్ నేల అయితే, ముఖ్యంగా 9 అంగుళాల పలకలైతే, గరుకు కాగితం తాకించకూడదు. అందులో ఆస్బెస్టాస్ అనే ఖనిజపు నార ఉండే అవకాశం ఉంది, ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదం. ముందు పరీక్ష చేయించాలి.

శుక్రవారం సాయంత్రం నేల నింపే సిమెంటు పొడి కలిపి, వెడల్పాటి తాపీతో సందులన్నిట్లోకీ నెట్టాను. శనివారం పొద్దున చూస్తే నున్నగా, తెల్లగా ఉంది. అయిపోయిందనుకున్నాను. అమ్మ మాత్రం లైట్లు ఆర్పేసి, టార్చి తెచ్చి నేలకు ఆనించి పట్టుకుంది. "ఇలా కూర్చుని చూడు" అంది. నా గుండె జారింది. ఆ ఏటవాలు వెలుగులో ప్రతి సందూ ఒక సన్నటి నీడగా కనిపించింది. ఆరేటప్పుడు సిమెంటు కుంచించుకుపోయి, సందు మధ్యలో గుంటగా దిగింది. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరితే వేలికి కూడా తెలిసింది. లైటు వేస్తే ఏమీ కనిపించదు. అమ్మ ఆ టార్చి తేకపోతే నేను ఆ గుంటల మీదే అంటించేసేదాన్ని.

రెండో పూత ఈసారి సందులకే కాదు, నేలంతా పలచగా లాగాను. ఆరాక గరుకు కాగితం, మళ్లీ టార్చి. మూడు చోట్ల చిన్న మిట్ట దొరికితే గీకేశాను. సిమెంటు పొడి మీద జిగురు నేరుగా పట్టదు కాబట్టి ధూళి అంతా లాగేసి ప్రైమర్ రెండుసార్లు పూశాం.

ప్రైమర్ ఆరేలోగా గుమ్మంలో కూర్చుని ఈ వినైల్ ఎక్కడ పుట్టిందో చదివాను. వినైల్ అంటే పీవీసీ అనే ప్లాస్టిక్. అది చాలాముందే ఉంది కానీ పెళుసుగా, పనికిరానిదిగా ఉండేదట. 1926లో వాల్డో సెమన్ అనే అమెరికన్ రసాయన శాస్త్రవేత్త రబ్బరును లోహానికి అతికించే జిగురు కోసం ప్రయత్నిస్తూ, దాన్ని మెత్తగా వంగేలా చేసే దారి కనిపెట్టాడు. అమ్మకు చదివి వినిపిస్తే, "జిగురు కోసం వెతికితే ఇదా దొరికింది, ఇప్పుడు మనం దీనికి జిగురు వెతుక్కుంటున్నాం" అంది.

ఇక ఈ రోజు. పెట్టెలు గురువారమే తెచ్చి వంటింటి పక్క గదిలో పడుకోబెట్టి ఉంచాం. గది వేడికి అలవాటు పడడానికి పలకలకు కనీసం 48 గంటలు కావాలి. లేకపోతే అంటించాక సాగడమో కుంచించుకుపోవడమో జరిగి అంచులు లేస్తాయి.

గోడ పక్కనుంచి మొదలుపెట్టాలని అనిపిస్తుంది ఎవరికైనా. కానీ మా నేల వెడల్పు 7 అడుగుల 2 అంగుళాలు. ఒక గోడ నుంచి అడుగు పలకలు వేసుకుంటూ వస్తే అవతలి గోడ దగ్గర 2 అంగుళాల పట్టీ మిగులుతుంది, అదీ సరిగ్గా సింకు ముందు. అంత సన్న ముక్క త్వరగా ఊడిపోతుంది. మధ్యలో గీత కొట్టి అక్కడినుంచి మొదలుపెడితే రెండు వైపులా మూడేసి పూర్తి పలకలు, అంచున 7 అంగుళాల ముక్కలు. పొడవు 9 అడుగుల 4 అంగుళాలు, అటూ అంతే: మధ్యనుంచి నాలుగేసి పలకలు, 8 అంగుళాల ముక్కలు. రంగు దారం లాగి కొట్టి రెండు గీతలు వేశాం. అవి ఒకదానికొకటి లంబంగా ఉన్నాయో లేదో 3-4-5 లెక్కతో చూశాను. ఒక గీత మీద 3 అడుగులు, రెండోదాని మీద 4 అడుగులు గుర్తుపెడితే, ఆ రెండు గుర్తుల మధ్య 5 అడుగులు రావాలి. పావు అంగుళం తేడా వచ్చింది, ఒక గీత చెరిపి మళ్లీ కొట్టాం.

కొనేటప్పుడు కూడా ఇదే లెక్క పనికొచ్చింది. నేల 67 చదరపు అడుగులు, పదో వంతు కలిపినా 74 పలకలు సరిపోవాలి. కానీ 7 అంగుళాల ముక్క కోశాక మిగిలే 5 అంగుళాలు ఇంకెక్కడా పనికిరావు. వరుసకు 8, అలాంటివి 10 వరుసలు, అంటే 80 కావాలి. అందుకే 88 తెచ్చాం.

మొదటి పలక అంటించేటప్పుడు చేయి వణికింది. దాని అంచు గీత నుంచి వెంట్రుకవాసి పక్కకు పోయినా, పదో పలక దగ్గర అది కంటికి కనిపించేంత అవుతుంది. పలక వెనక బాణం గుర్తులున్నాయి. అమ్మ ఒక్కోటి కాగితం ఒలిచి, బాణం చూసి అందించింది. నేను అంచుకు అంచు ఆనించి దించాను. పక్కకు జరపకూడదు, జరిపితే జిగురు సందులోంచి పైకి తేలుతుంది.

అంచు ముక్కలు ఒక్కోటీ విడిగా కొలవాల్సి వచ్చింది. ఒక చివర 7 అంగుళాలుంటే ఇంకో చివర ఆరున్నరే. గోడ అంత వంకరగా ఉందని ఇన్నేళ్లూ మాకు తెలియనే లేదు. కట్టర్‌తో పైన గట్టిగా ఒక గీత గీసి వంచితే ముక్క శుభ్రంగా విరిగింది. సింకు పైపు దగ్గర మాత్రం ఒక పలక పాడుచేశాను. తర్వాత అట్టముక్కను పైపు చుట్టూ సరిపోయేలా కత్తిరించి, దాన్ని పలక మీద పెట్టి గీసి, హెయిర్ డ్రయర్‌తో వెచ్చబెట్టి కోస్తే వెన్నలా తెగింది. అట్ట ముందే కోసి ఉండాల్సింది.

సాయంత్రానికి అంతా రోలర్‌తో నొక్కడం అయిపోయింది. కొన్ని రోజులు తడిగుడ్డ పెట్టకూడదు. ఫ్రిజ్ రేపటిదాకా హాల్లోనే ఉంటుంది, తెచ్చేటప్పుడు కింద ప్లైవుడ్ పరిచి దాని మీదుగా జరపాలి. సింకు ముందున్న రబ్బరు అడుగు చాప ఇక వాడొద్దని అమ్మకు చెప్పాను, రబ్బరు తగిలినచోట వినైల్ పసుపు రంగుకు తిరిగి మరక పడుతుంది, అది ఇక పోదు.

భోజనాలయ్యాక అమ్మ లైట్లు ఆర్పింది. ఇద్దరం గుమ్మం దగ్గర కూర్చుని టార్చి నేలకు ఆనించి పట్టుకున్నాం. పాత గీత ఒక్కటీ లేదు. పొయ్యి వైపు, కిటికీ వైపు, సింకు ముందు, ఎక్కడా లేదు. తలుపు పక్కన మూడో పలక మధ్యలో మాత్రం ఆవగింజంత మిట్ట, దాని వెనక పొడుగాటి నీడ.

"వదిలేద్దామే, బాగా అలిసిపోయావు" అంది అమ్మ. నావల్ల కాలేదు. అక్కడే రోజూ కాలు పడుతుంది, ఆ చోటే ముందు అరుగుతుంది. హెయిర్ డ్రయర్ తెచ్చి వెచ్చబెడితే జిగురు ఇంకా పూర్తిగా బిగుసుకోలేదు కాబట్టి పలక మెల్లగా లేచింది. కింద ఒకే ఒక్క ఇసుక రేణువు, బహుశా నా మోకాలి మెత్తకు అంటుకుని వచ్చింది. దాన్ని తీసేసి, తుడిచి, కొత్త పలక దించాను. అమ్మ టార్చి పట్టుకుంది, నేను రోలర్ లాగాను. ఈసారి నీడ లేదు.

ఆరు పలకలు మిగిలాయి. వంగిపోకుండా పెట్టెలో అలాగే పడుకోబెట్టి అటక మీద పెట్టాను.