బెరియాలో చదువు, పని, ఒక పాత గాయం

మా ఫ్యాక్టరీ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, ఐ-75 హైవే పక్కన ఉంది. 1988లో టయోటా జార్జ్‌టౌన్‌లో కార్ల తయారీ మొదలుపెట్టాక ఈ దారి పొడవునా విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అలాంటి ఒకదాంట్లో నేను క్వాలిటీ ఇంజినీర్ని. కొత్తవాళ్ల ఇంటర్వ్యూలకు నన్నూ కూర్చోబెడతారు. ఒకసారి ఒక కుర్రాడు మార్కుల జాబితాతో పాటు ఇంకో కాగితం ఇచ్చాడు. డిగ్రీ చదువుతూ కాలేజీలో చేసిన పనుల రికార్డు అది. మొదట చీపుర్లు కట్టే వర్క్‌షాపు, తర్వాత కంప్యూటర్ ల్యాబు. తాతది బొగ్గు గని పని. చదివింది బెరియా కాలేజీ, ఇదే హైవే మీద మాకు దక్షిణంగా ఉంటుంది.

ఆ తర్వాత చాలాసార్లు అక్కడికి వెళ్లాను. ఆ కాలేజీలో ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పని చేయాలి. వంటశాల, పొలం, మగ్గం, వడ్రంగం, ఆఫీసు, ఏదైనా కావచ్చు. పనికి కొంత జీతం కూడా ఇస్తారు. ఊరి మధ్యలో 1909లో కట్టిన బూన్ టావెర్న్ హోటల్ కూడా కాలేజీదే. అక్కడ మాకు మొక్కజొన్న పిండితో చేసే స్పూన్‌బ్రెడ్ వడ్డించిన అమ్మాయి, తెల్లారితే కెమిస్ట్రీ పరీక్ష అంటూ టెన్షన్ పడింది. టేబుళ్లు తుడుస్తున్నందుకు మాత్రం ఏ బెరుకూ లేదు. తోటివాళ్లందరూ ఏదో ఒక పని చేస్తున్నవాళ్లే కదా.

1892 నుంచి ఇక్కడ ట్యూషన్ ఫీజు లేదు. చేర్చుకునేది కూడా ముఖ్యంగా డబ్బు లేని ఇళ్ల పిల్లల్నే. వీలునామాల ద్వారా వచ్చే విరాళాలను ఖర్చు పెట్టేయకుండా మూలనిధిలో కలపాలని 1920లో ట్రస్టీలు తీర్మానించారు. ఆ నిధి ఇప్పుడు వంద కోట్ల డాలర్లు దాటింది. చదివేవాళ్లు దాదాపు 1500 మంది.

మన పిల్లల సంగతి తెలిసినవాడిగా నాకు ఇది మామూలు విషయం కాదు. ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు నేను క్యాంపస్ డైనింగ్ హాల్లో గిన్నెలు కడిగాను. నాతో పాటు కడిగిన మిత్రుల్లో కొందరు ఇంటికి ఫోన్ చేసి లైబ్రరీలో పని అని చెప్పేవాళ్లు. లక్షల అప్పు చేసి పంపిన నాన్నకి కొడుకు ఎంగిలి ప్లేట్లు తీస్తున్నాడని తెలిస్తే ఊళ్లో తల ఎత్తుకోలేడని వాళ్ల భయం. అదే గిన్నెలు కడిగే పనిని బెరియాలో చదువులో భాగం చేసి, కాగితం మీద రాసి చేతికిస్తారు.

నేను గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్ చదివాను. దాన్ని 1885లో పెట్టింది అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీలు. కాబట్టి క్రైస్తవ కాలేజీ అన్నది నాకు కొత్త కాదు. కానీ బెరియా ఏ ఒక్క క్రైస్తవ శాఖకీ చెందినది కాదు. దాన్ని మొదలుపెట్టిన జాన్ ఫీ బానిసల్ని ఉంచుకున్న ఇంట్లో పుట్టి, బానిసత్వం పాపమని ప్రకటించి, తండ్రి ఆస్తి వదులుకున్న పాస్టరు. కాసియస్ క్లే అనే భూస్వామి ఇచ్చిన స్థలంలో స్థిరపడి, 1855లో ఒక్క గది బడి తెరిచాడు. దేవుడు మనుషులందరినీ ఒకే రక్తం నుంచి పుట్టించాడన్న, బైబిల్లోని అపొస్తలుల కార్యముల మాట ఇప్పటికీ కాలేజీ నినాదం. ఆ మాటని ఆచరణలో పెట్టబోయినందుకే 1859 డిసెంబరులో ఆయుధాలతో వచ్చిన గుంపు పది రోజుల్లో ఊరు వదలమంది. ఫీ, టీచర్లు కుటుంబాలతో సహా వెళ్లిపోవాల్సి వచ్చింది.

అంతర్యుద్ధం ముగిశాక తిరిగొచ్చి బడి తెరిచారు. 1866లో 187 మంది విద్యార్థులుంటే అందులో 96 మంది నల్లవాళ్లు, 91 మంది తెల్లవాళ్లు. బానిసత్వం నిన్నమొన్నటి దాకా నడిచిన రాష్ట్రంలో, ఆడా మగా కలిసి, ఒకే తరగతిలో! ఈ అంకె చదివినప్పుడల్లా మా తాతల కాలంలో బడి గడప బయట కూర్చోబెట్టిన పిల్లలు గుర్తొస్తారు.

దీన్ని ఆపడానికి 1904లో కెంటకీ శాసనసభ డే చట్టం తెచ్చింది. నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ కలిపి చదువు చెప్తే జరిమానా. రాష్ట్రంలో అలా చెప్తున్న కాలేజీ అప్పటికి బెరియా ఒక్కటే. కోర్టుకెళ్లారు. 1908లో సుప్రీంకోర్టు రాష్ట్రం వైపే తీర్పిచ్చింది. వ్యతిరేకిస్తూ గట్టిగా రాసిన జస్టిస్ హార్లన్ కూడా కెంటకీ మనిషే. నల్లవాళ్ల చరిత్ర అధ్యయనానికి పునాది వేసిన కార్టర్ వుడ్సన్ అంతకుముందే, 1903లో, ఇక్కడ డిగ్రీ అందుకున్నాడు. ఇంకాస్త ఆలస్యమై ఉంటే ఆయనకీ తలుపు మూసుకునేది.

ఆ తర్వాతి కాలేజీని నేను పూర్తిగా మెచ్చుకోలేను. నల్ల విద్యార్థుల కోసం వేరేగా లింకన్ ఇన్‌స్టిట్యూట్ పెట్టడానికి నిధులు సమకూర్చారు, 1912లో అది మొదలైంది. బెరియా మాత్రం కొండ ప్రాంతపు తెల్ల పిల్లల కాలేజీగా మిగిలింది. 1950లో చట్టం సవరించాక వెంటనే తలుపులు తెరిచారు, నిజమే. కానీ ఆ మధ్య నలభై ఆరేళ్లలో చదువు అందని వాళ్లకి ఆ సవరణ ఏం చేయగలదు?

మా చుట్టాలు ఫోన్ చేసి, "మా వాడికి అక్కడ సీటు వస్తుందా బావా?" అని అడుగుతుంటారు. అక్కడ ఎమ్మెస్ లేదు, డిగ్రీ మాత్రమే. విదేశీ విద్యార్థులకి సీట్లున్నాయి గానీ బాగా తక్కువ, పోటీ ఎక్కువ. ఇంటర్ చదువుతూ, ఇంట్లో నిజంగా డబ్బు లేని పిల్లలైతే తప్పక అప్లై చేయమంటాను. చీపురు కట్టాల్సి రావచ్చని నాన్నకి ఇప్పుడే చెప్పెయ్యమని కూడా అంటాను.