హార్డ్ డిస్క్ లేని నాలుగు పాత కంప్యూటర్లు

నా దగ్గర నాలుగు పాత కంప్యూటర్లున్నాయి. వాటి హార్డ్ డిస్కులు ఒకదాని వెనక ఒకటి పోయాయి. మిగతా అంతా బాగానే పనిచేస్తోంది, పారేయబుద్ధి కాలేదు. డిస్కు లేకుండా నెట్‌వర్క్ నుంచే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను బూట్ చేద్దామని, అంటే లేపుదామని కూర్చున్నాను. ఒక పూట పని అనుకున్నది మూడు ఆదివారాలు తినేసింది.

పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. కంప్యూటర్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ కార్డులోని పీఎక్స్ఈ అనే చిన్న ప్రోగ్రాం తనకో ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో చిరునామా), ఒక ఫైలు పేరు కావాలని, అవి పంచే డీహెచ్‌సీపీ పద్ధతిలో అడుగుతుంది. ఆ ఫైలే బూట్ లోడర్. దాన్ని టీఎఫ్‌టీపీ అనే సాదా ఫైలు బదిలీ పద్ధతిలో తెచ్చుకుని నడిపితే, అది వెళ్లి లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌ను తెస్తుంది.

మొదటి రోజు స్క్రీన్ మీద "పీఎక్స్ఈ-ఈ53" అని వచ్చి ఆగిపోయింది. అంటే బూట్ ఫైలు పేరు అందలేదు. ఐపీలిచ్చేది రూటర్, నా రూటర్‌లో ఫైలు పేరు పెట్టే చోటే లేదు. అందుకని ల్యాప్‌టాప్‌నే సర్వర్ చేసి, అందులో డీఎన్ఎస్‌మాస్క్ అనే డీహెచ్‌సీపీ ప్రోగ్రాంను ప్రాక్సీ పద్ధతిలో నడిపాను. ఐపీలు రూటరే ఇస్తుంది, ఫైలు పేరు మాత్రం ల్యాప్‌టాప్ చెబుతుంది. ఇద్దరూ ఐపీలు పంచి కొట్టుకుంటారన్న టెన్షన్ లేదు. వెంటనే ఈ32 వచ్చింది, అంటే టీఎఫ్‌టీపీకి జవాబు అందలేదు. ల్యాప్‌టాప్ ఫైర్‌వాల్‌లో టీఎఫ్‌టీపీ వాడే యూడీపీ 69వ పోర్టు తెరవలేదు, తప్పు నాదే.

అసలు తిప్పలు వేగం దగ్గర మొదలయ్యాయి. పాత టీఎఫ్‌టీపీ ఫైలును 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది, ప్రతి ముక్కకూ "అందింది" అన్న జవాబు వచ్చాకే తర్వాతిది. 30 ఎంబీ ఫైలంటే 61,440 ముక్కలు! అంతసేపు ఎవరు కూర్చుంటారని, పెద్ద ఫైళ్లను హెచ్‌టీటీపీలో, అంటే వెబ్ పేజీలు వచ్చే దారిలో, వేగంగా తెచ్చే ఐపీఎక్స్ఈ అనే బూట్ లోడర్ పెట్టాను. పీఎక్స్ఈ దాన్ని తెచ్చి నడిపింది. అది లేచి మళ్లీ డీహెచ్‌సీపీని అడిగింది. నా సర్వర్ మళ్లీ అదే ఐపీఎక్స్ఈ ఫైలు పేరు చెప్పింది. అది తనను తానే తెచ్చుకుని మళ్లీ లేచింది. పేరు, వెర్షన్, నాలుగు చుక్కలు, మళ్లీ పేరు, వెర్షన్... గానుగెద్దులా ఎంతసేపు తిరిగిందో. మొదట్లో కేబుల్ లూజయిందేమోనని రెండుసార్లు మార్చాను కూడా.

కిటుకు చాలా చిన్నది. ఐపీఎక్స్ఈ డీహెచ్‌సీపీని అడిగేటప్పుడు తన గుర్తుగా 175 నంబరు ఆప్షన్ కూడా పంపుతుంది. అది కనిపిస్తే లోడర్ బదులు, తర్వాత ఏం తేవాలో చెప్పే స్క్రిప్ట్ ఇమ్మని డీఎన్ఎస్‌మాస్క్‌లో రెండు లైన్లు రాశాను. తిరుగుడు ఆగింది. ఆ తర్వాత "ఈ కెర్నెల్‌కు ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలి, ఉన్నది ఐ686" అంది ఒక కంప్యూటర్. నిజమే, నేనిచ్చింది 64 బిట్ కెర్నెల్, పాపం ఆ కంప్యూటర్ 32 బిట్‌ది. దానికి తగిన కెర్నెల్ ఇచ్చాను. లినక్స్ ఫైళ్లన్నీ ఉండే రూట్ ఫైల్ సిస్టమ్‌ను ల్యాప్‌టాప్ నుంచే, నెట్‌వర్క్‌లో ఫోల్డర్లు పంచే ఎన్‌ఎఫ్‌ఎస్‌లో పంచాను, అక్కడ మాత్రం ఏ పేచీ రాలేదు.

నాలుగోదానికి అసలు పీఎక్స్ఈయే లేదు. యూఎస్‌బీ నుంచి బూట్ కావడమూ రాదు. సీడీ డ్రైవ్ మాత్రం బతికే ఉంది. 700 ఎంబీ సీడీ మీద చిటికెడంత ఐపీఎక్స్ఈ రాసి పెట్టాను. ఇప్పటికీ ఆ సీడీ అందులోనే ఉంది.

అన్నీ లేచాయని సంబరపడి పడుకుంటే, పొద్దున రెండో కంప్యూటర్ మళ్లీ డిస్కు కోసం వెతుకుతోంది. బయోస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సెట్టింగుల్లోకి వెళ్లి నెట్‌వర్క్ బూట్ పెట్టాను, పనిచేసింది. మర్నాడు మళ్లీ అదే కథ. సర్వర్ లాగులన్నీ తిరగేశాను, అందులో దీని అభ్యర్థనే లేదు. మూడో రోజు బయోస్‌లో తేదీ చూస్తే 2002 జనవరి 1. మదర్‌బోర్డు మీది సీఆర్2032 బ్యాటరీ అయిపోయి, ప్లగ్ తీసినప్పుడల్లా సెట్టింగులన్నీ మర్చిపోతోంది. గోడ గడియారం పక్కన డ్రాయర్‌లో అలాంటిదే ఒకటి దొరికింది. వేశాను.