వీపున ఒక్క సంచితో ఐరోపా

ఐరోపా తిరిగి వచ్చినప్పటి నుంచి మిత్రులందరూ అడుగుతున్నది ఒకటే: ఖర్చు ఎలా తట్టుకున్నావు?

నా అనుభవంలో డబ్బు తెలియకుండా కరిగిపోయేది తిండి దగ్గరే. అందుకే వంటగది ఉన్న హాస్టళ్లనే వెతుక్కున్నాను. బియ్యం, గుడ్లు, టమాటాలు అక్కడే కొని, ఇంటి నుంచి తెచ్చుకున్న కారప్పొడితో వండుకుంటే కడుపూ నిండింది, పక్క గదుల వాళ్లతో స్నేహమూ కుదిరింది. జర్మనీలో మాత్రం ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు. సరుకులు శనివారమే తెచ్చుకోండి.

రోమ్‌లో నీళ్ల సీసాలు కొనకండి. నసోనీ అనే వీధి కుళాయిల్లో చల్లని మంచినీళ్లు ధారగా పడుతూనే ఉంటాయి.

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియంలోకి సోమవారం నుంచి శనివారం వరకు సాయంత్రం 6 నుంచి 8 దాకా ప్రవేశం ఉచితం. వరుస చాలా పొడవుగా ఉంటుంది, అయినా నిలబడండి. రెండు గంటల్లో అన్నీ చూడాలని పరుగెత్తకుండా స్పెయిన్ చిత్రకారుడు గోయా గీసిన నల్లని చిత్రాల గదికి వెళ్లండి. నేను అక్కడి నుంచి కదలలేకపోయాను.

లక్సెంబర్గ్ అయితే 2020 నుంచి దేశమంతటా బస్సులు, ట్రాములు, రెండో తరగతి రైళ్లు అందరికీ ఉచితం చేసింది. పరాయి దేశపు యాత్రికుడికి కూడా! ఆ ఔదార్యానికి నా మనసు నిండిపోయింది.

పారిస్‌లో రోజులు తగ్గించి బుడాపెస్ట్, క్రాకోలలో పెంచుకోండి, చాలా చవక. అక్కడ కార్డు యంత్రం రూపాయల్లో చెల్లిస్తారా అని అడిగితే వద్దని, అక్కడి కరెన్సీనే, అంటే హంగరీ ఫోరింట్ లేదా పోలండ్ జ్లోటీనే ఎంచుకోండి.