బండకో అడ్రసు: రూటర్ రాసుకున్న నా అనుభవం

కడపలో మా మామకి బండల షాపు ఉంది. వంటగది గట్లకి, అలమరా అరలకి వేసే నల్ల కడప బండలు, మెట్లకి రఫ్ బండలు, యర్రగుంట్ల నుంచి వచ్చే నాపరాళ్లు అమ్ముతాడు. వాటి ఫొటోలు, సైజులు, మందం, అడుగు రేటు చూపించే వెబ్‌సైటు ఎవరో చేసిచ్చారు. చూడ్డానికి బాగుంటుంది, చకచకా కదులుతుంది. తంటా ఎక్కడంటే, ఎన్ని బండలు తిరగేసినా పైన అడ్రసు ఒక్కటే. ఇల్లు కట్టుకునేవాళ్లు నచ్చిన బండ లింకు మేస్త్రికి వాట్సాప్ చేస్తే, అక్కడ హోమ్ పేజీ తెరుచుకునేది. బ్యాక్ నొక్కితే ఏకంగా సైటే మూసుకుపోయేది. "ఏందల్లుడా, ఎనక్కి పోదామంటే బయటికే పోతాండాది?" అని మామ నన్ను పట్టుకున్నాడు.

సింగిల్ పేజీ యాప్ అంటే అంతే. సర్వర్ ఒక్క హెచ్‌టీఎంఎల్ ఫైలు ఇస్తుంది, మిగతాదంతా జావాస్క్రిప్ట్ అక్కడికక్కడే గీస్తుంది. మన కంటికి పేజీ మారుతుంది గానీ బ్రౌజర్ లెక్కలో ఏమీ మారదు. మారిందని దానికి చెప్పే కోడ్‌నే రూటర్ అంటారు. ఇందుకు లైబ్రరీలు, అంటే ఎవరో రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్, బోలెడున్నాయి. హోమ్, జాబితా, బండ వివరాలు అని మూడు రకాల పేజీలున్న సైటుకి లైబ్రరీ ఎందుకని నేనే రాసుకున్నా.

సులువైన దారి హ్యాష్. అడ్రసులో # తర్వాతి భాగం సర్వర్ దాకా వెళ్లదు కాబట్టి ఏ హోస్టింగులోనైనా నడుస్తుంది. కానీ వాట్సాప్‌లో లింకుతో పాటు ఆ బండ ఫొటో, పేరు రావాలని మామ కోరిక. ఏ బండ అడిగారో సర్వర్‌కి తెలియకపోతే అది కుదరదు. అందుకే బ్రౌజర్ హిస్టరీని మన కోడ్‌తో మార్చనిచ్చే హిస్టరీ ఏపీఐ వైపు వెళ్లా. అందులోని పుష్‌స్టేట్ అనే ఫంక్షన్ పిలిస్తే పేజీ లోడ్ కాకుండానే అడ్రసు మారుతుంది, హిస్టరీలో ఒక మెట్టు చేరుతుంది. అడ్రసులు తెలుగులోనే పెడదామని ముచ్చటపడ్డా. కాపీ చేసినప్పుడు చాలాసార్లు అవి శాతం గుర్తులతో బయటికొస్తాయి. కంప్యూటర్ అక్షరాల్ని దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు, అడ్రసులో ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. 'బండ' అన్న చిన్న మాటే 27 అక్షరాల తోక అవుతుంది. ఆ తోకని మేస్త్రికి పంపితే వైరస్ అనుకుంటాడు. ఇంగ్లిష్ అక్షరాలతోనే సరిపెట్టా.

పాత కోడ్‌లో బండల కార్డులన్నీ డివ్‌లు, అంటే ఉత్త డబ్బాలు, వాటి మీద నొక్కితే కోడ్ నడిపే ఆన్‌క్లిక్. వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే 'కొత్త ట్యాబ్‌లో తెరువు' అన్న మెనూ రాదు, ఎందుకంటే అది లింకే కాదు. అన్నింటినీ హెచ్‌రెఫ్ (వెళ్లాల్సిన అడ్రసు) ఉన్న అసలైన లింకులుగా మార్చి, క్లిక్కుల్ని ఒకే చోట పట్టుకున్నా. మామూలు క్లిక్ అయితేనే ఆపి నేను చూసుకుంటా. కంట్రోల్, షిఫ్ట్ లాంటి కీ పట్టుకుని నొక్కినా, బయటి సైటు లింకయినా బ్రౌజర్‌కే వదిలేస్తా. అది చక్కగా చేసే పనిలో మనం వేలు పెట్టకపోతేనే మంచిది.

బ్యాక్ నొక్కితే బ్రౌజర్ నుంచి మన కోడ్‌కి పాప్‌స్టేట్ అనే కబురు వస్తుంది. మన కోడ్ పుష్‌స్టేట్ పిలిచినప్పుడు మాత్రం రాదు. అందుకే పేజీ గీసే ఫంక్షన్ ఒక్కటే ఉంచి, రెండు చోట్ల నుంచీ దాన్నే పిలవాలి. ఇక జాబితాలో పాలిష్, రఫ్, మందం, రంగు అని ఫిల్టర్లున్నాయి. ప్రతి టిక్కుకీ పుష్‌స్టేట్ చేస్తే, నాలుగు టిక్కులు పెట్టినాయన హోమ్‌కి రావాలంటే నాలుగుసార్లు అదనంగా బ్యాక్ నొక్కాలి. అక్కడ ఉన్న మెట్టునే మార్చే రీప్లేస్‌స్టేట్ వాడా. అడ్రసులో ఫిల్టర్ ఉంటుంది, లింకు పంపితే పనిచేస్తుంది, హిస్టరీలో మాత్రం మెట్టు పెరగదు. ఫొటో పెద్దది చేసి చూసేటప్పుడు ఇందుకు తలకిందులు, పుష్‌స్టేట్ కావాలి. అక్కడ బ్యాక్ నొక్కేది ఫొటో మూసేయడానికే.

అన్నీ అయ్యాయనుకుని బండ పేజీలో రీఫ్రెష్ కొడితే 404, అంటే 'పేజీ దొరకలేదు'. సర్వర్ మీద ఆ పేరుతో ఫైలు లేదు మరి. షాపుది అపాచీ సర్వర్ ఉన్న షేర్డ్ హోస్టింగ్. దాని సెట్టింగులుండే హెచ్‌టీయాక్సెస్ ఫైల్లో ఫాల్‌బ్యాక్‌రిసోర్స్ అని ఒక్క వరుస రాస్తే, లేని అడ్రసులన్నింటికీ ఇండెక్స్ ఫైలే వస్తుంది. ఎంజిన్‌ఎక్స్ అనే మరో సర్వర్‌లో ఇదే పనికి ట్రై ఫైల్స్ ఉంది.

ఆ వరుస రాశాక 404 పోయి తెల్ల తెర వచ్చింది. కన్సోల్లో 'అన్‌ఎక్స్‌పెక్టెడ్ టోకెన్ <'. జావాస్క్రిప్ట్ ఫైల్లో ఆ గుర్తుతో మొదలయ్యే వరుసే లేదు, నాకు పిచ్చెక్కింది. నెట్‌వర్క్ ట్యాబ్ తెరిస్తే గుట్టు తెలిసింది. పాత ఇండెక్స్‌లో స్క్రిప్ట్ దారి ముందు స్లాష్ లేదు. బండ అడ్రసులో ఉన్నప్పుడు బ్రౌజర్ ఆ ఫైలుని బండల ఫోల్డర్ కింద వెతుకుతుంది. అక్కడ లేదు కనక నేను పెట్టిన ఫాల్‌బ్యాకే స్క్రిప్టుకి బదులు హెచ్‌టీఎంఎల్ చేతిలో పెడుతోంది! దారులన్నింటి ముందు స్లాష్ పెడితే సరిపోయింది.

స్క్రోల్ కూడా చిన్న టెన్షన్ పెట్టింది. జాబితాలో కిందికెళ్లి ఒక బండ చూసి వెనక్కొస్తే మళ్లీ పైనుంచే. స్క్రోల్‌ని పాత చోటికి తెచ్చే బ్రౌజర్ సెట్టింగ్ స్క్రోల్ రెస్టొరేషన్‌ని మాన్యువల్ చేసి, ఎక్కడున్నామో హిస్టరీ స్టేట్‌లో దాచా. అయినా తప్పు చోటికి దూకేది, ఫొటోలు ఆలస్యంగా వచ్చి పేజీని కిందికి నెట్టేవి. ప్రతి ఫొటోకీ వెడల్పు, ఎత్తు రాశాక కుదురుకుంది. పేజీ మారినప్పుడల్లా టైటిల్ మార్చడం, స్క్రీన్ రీడర్ వాళ్ల కోసం ఫోకస్‌ని కొత్త శీర్షిక మీదికి తేవడం కూడా చేశా, అవి తేలికే.

మామ అడిగిన ఫొటో ఇంకా రాలేదు. వాట్సాప్ జావాస్క్రిప్ట్ నడపదు, హెచ్‌టీఎంఎల్‌లో ఉన్న ట్యాగులే చదువుతుంది. ఫాల్‌బ్యాక్ వల్ల ఏ బండ అడిగినా ఒకే ఇండెక్స్, ఒకే షాపు బోర్డు ఫొటో. చివరికి ప్రతి బండకీ దాని పేరు, ఫొటో ట్యాగులతో విడిగా ఇండెక్స్ ఫైలు తయారుచేసే స్క్రిప్ట్ రాశా. జాబితా పేజీకీ అలాగే ఒకటి. అడ్రసులన్నింటికీ నిజంగానే ఫైళ్లున్నాయి కాబట్టి ఫాల్‌బ్యాక్ వరుస తీసేశా. అమ్ముడైపోయి తీసేసిన బండని అడిగితే ఇప్పుడు నిఖార్సైన 404 వస్తుంది, దాంట్లో షాపు ఫోన్ నంబరు పెట్టా. కొత్త లోడు దిగినప్పుడల్లా స్క్రిప్ట్ మళ్లీ నడపాలి. ఆ పని షాపులో లెక్కలు రాసే అబ్బాయికి నేర్పించా.